సూదిమొన నుంచి కెమెరా కంటి దాకా

వానలు వెనకబట్టి వలిసె చేలు పచ్చగా పూసే వేళకు మా కొండలకు కెమెరాలు వస్తాయి. అరకు, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి దారుల్లో కార్లు ఆగుతాయి. ఎక్కువమంది పూలచేలో నిలబడి తమ ఫొటోలు తామే తీసుకుని పోతారు. కొద్దిమంది మాత్రం వాగు ఒడ్డున తడి ఇసుక మీద మోకాళ్లూని, ఒక్కోసారి బోర్లా పడుకుని, జానెడు దూరంలో వాలిన సీతాకోకచిలుక మీద గంటల తరబడి కెమెరా గురిపెట్టి ఉంటారు. వాళ్లను చూసి మా పిల్లలు నవ్వుకుంటారు. దారిన పోయే ముసలమ్మ ఆగి, "ఏం పోగొట్టుకున్నావు బాబూ?" అని అడుగుతుంది.

అలా మోకాళ్లూనిన మనిషి వెనక మూడు వందల ఏళ్ల కథ ఉంది. పురుగును దగ్గరగా చూడడం, చూసినదాన్ని బొమ్మగా దాచుకోవడం అనే పని ఎలా మొదలై ఎలా మారిందో ఇక్కడ చెప్పుకుంటాము. ఆ కథలో మాలాంటి అడవి మనుషుల చేతులు చాలా ఉన్నాయి. పేర్లు మాత్రం వెతికినా దొరకవు.

1699లో మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి, కూతురిని వెంటబెట్టుకుని, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది. సురినామ్ అప్పుడు డచ్చివాళ్ల చెరకు తోటల దేశం. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఆ తోటల్లో చాకిరీ చేసేవారు. అడవుల్లో అక్కడి ఆదివాసులు ఉండేవారు. మేరియన్ రెండేళ్లు అక్కడ ఉండి గొంగళిపురుగును, దాని గూడును, అందులోంచి వచ్చే సీతాకోకచిలుకను, అది తినే మొక్కను కలిపి ఒకే బొమ్మలో వేసింది. అంతకుముందు పురుగుల బొమ్మలు వేసినవారిలో చాలామంది చచ్చిన పురుగును తెల్లకాగితం మీద ఒంటరిగా చూపేవారు. బురదలోంచి, కుళ్లులోంచి పురుగులు వాటంతటవే పుడతాయని యూరప్‌లో చాలామంది నమ్మే రోజులవి. 1705లో అచ్చయిన ఆమె పుస్తకం ఆ నమ్మకాన్ని బొమ్మలతోనే కొట్టేసింది.

ఆ మొక్కలను, పురుగులను ఆమెకు చూపింది ఎవరు? ఆదివాసులు, బానిసలు. ఈ సంగతి ఆమె దాచలేదు. ఏ మొక్క ఏ మందుకు పనికొస్తుందో వాళ్లు చెప్పినట్టే రాసుకుంది. యజమానుల చెరలో తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని బానిస ఆడవాళ్లు ఒక పూలమొక్క గింజలతో గర్భం పోగొట్టుకునేవారని వాళ్ల నోటనే విని పుస్తకంలో పెట్టింది. 1701లో జబ్బుపడి తిరిగి వెళ్లేటప్పుడు ఒక ఆదివాసీ స్త్రీని వెంట తీసుకెళ్లింది. పుస్తకం తయారీలో ఆ స్త్రీ చెప్పిన కబుర్లు ఎన్ని కలిశాయో మనకు తెలియదు. ఆమె పేరు ఎక్కడా లేదు.

గుడ్డు పురుగవుతుందని, పురుగు గూడు కడుతుందని, గూడు చీల్చుకుని రెక్కలు వస్తాయని మాకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల్లో దసలిపట్టు పెంచే ఆదివాసులకు ఇది కూడు పెట్టే చదువు. ఇంట్లో తట్టల్లో పెరిగే పట్టుపురుగు కాదు దసలి. నల్లమద్ది చెట్ల ఆకు మీద ఆరుబయట పెరుగుతుంది. పురుగు చెట్టెక్కిన నాటి నుంచి గూడు కట్టేదాకా మనిషి చెట్ల కిందే కాపలా ఉండాలి. పిట్ట తన్నుకుపోతుంది, చీమ పడుతుంది, కందిరీగ కుడుతుంది. పురుగు ఎప్పుడు ఆకు మానేసిందో, ఎప్పుడు రంగు తేలిందో రోజూ చూడాలి. దగ్గరగా చూడడమంటే మా వాళ్లకు ముందు నుంచీ ఇదే. చూపు తప్పితే ఆ ఏడు పంట పోయినట్టే.

తెల్లదొరలు మన తీరానికి వచ్చాక చూసింది రాసుకోవడం మొదలైంది. విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. అందులో పాముల తెలుగు పేర్లను విన్నవి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాడే 'బుంగారస్' అనే పేరు మన 'బంగారు' నుంచి వచ్చిందే. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేతనే మొక్కల బొమ్మలు వేయించాడు. 1859లో వాల్టర్ ఇలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' పేరుతో ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లన్నీ పోగుచేశాడు. పాముకూ మొక్కకూ మన పేరు అడిగినవాళ్లు సీతాకోకచిలుకకు అడగలేదు. ఎందుకన్నది ఊహించడం పెద్ద కష్టం కాదు. పాము కరిస్తే ప్రాణం పోతుంది, మొక్కను అమ్ముకోవచ్చు. సీతాకోకచిలుక అందంగా ఉంటుంది, అంతే. దాని పేరు తెలియకపోతే కుంపిణీకి నష్టమేమీ లేదు.

అందుకని పేర్లు అక్కడి నుంచే వచ్చాయి. 1758లో లిన్నేయస్ సీతాకోకచిలుకలకు గ్రీకు కథల్లోని వీరుల పేర్లు పెట్టాడు. నల్లటి రెక్కలు, ఎర్రటి ఒళ్లు, కింది రెక్కల మీద ఎర్రచుక్కలతో మా పెరళ్లలో తిరిగేదానికి ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ పేరు పడింది. దాని పురుగు ఈశ్వరి తీగ ఆకు తిని బతుకుతుంది. పాము కరిచినప్పుడు మా వైద్యులు నూరే ఈశ్వరి వేరు ఆ తీగదే. (ఆ తీగలోని విషం మనిషి మూత్రపిండాలకు చేటు చేస్తుందని ఇప్పటి వైద్యులు చెబుతున్నారు. ఆ మాట మా వాళ్లు కూడా వినాలి.) ఆ విషాన్నే పురుగు ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా అది పోదు. పిట్ట ఒకసారి నోటపెట్టి ఉమ్మేసిందంటే మళ్లీ దాని జోలికి రాదు. కరివేపాకు మీద పెరిగే ఇంకో జాతిలో కొన్ని ఆడవి అచ్చం దీని వేషమే వేసుకుని పిట్టలను మోసం చేస్తాయి. ఆ మోసగత్తెను పట్టాలంటే ఒంటి రంగు చూడాలి. అసలుదాని ఒళ్లు ఎర్రగా ఉంటుంది, వేషం వేసినదాని ఒళ్లు నల్లగా ఉంటుంది.

గ్రీకు పేర్ల తరవాత ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. అవి పెట్టినవారిలో పట్టాలం అధికారులు చాలామంది ఉన్నారు. అందుకే మన దేశపు సీతాకోకచిలుకల పట్టిక చదివితే దండు కవాతు చూసినట్టుంటుంది. సార్జెంట్, కమాండర్, కమడోర్, లాస్కర్, సెయిలర్. వాటి పైన బ్యారన్, డ్యూక్, నవాబు, రాజా. మాకు ఇది చదివినప్పుడు నవ్వు వస్తుంది, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజుతో కలిసి మా తాతలు పడ్డారు. తరవాత రెండేళ్లు ఈ కొండల నిండా పట్టాలాలు తిరిగాయి. సార్జెంటు, కమాండరు అన్న మాటలకు మా ఊళ్లలో అప్పుడున్న అర్థం వేరు.

పందొమ్మిదో శతాబ్దమంతా వల, సీసా, సూదిదే రాజ్యం. వలతో పట్టి, విషపు సీసాలో చంపి, రెక్కలు చాపి, రొమ్ములో సూది గుచ్చి, కింద చీటీ పెట్టేవారు. ఊరు, తేదీ, సేకరించినవాడి పేరు ఆ చీటీ మీద ఉండాలి. డార్జిలింగ్, సిక్కిం కొండల్లో తెల్లవాళ్ల పెట్టెలు నింపింది చాలావరకు లెప్చా ఆదివాసులు. ఏ సీతాకోకచిలుక ఏ లోయలో ఏ నెలలో తిరుగుతుందో వాళ్లకు తెలుసు. కూలి వాళ్లది, చీటీ మీద పేరు దొరది.

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ కథలో ఒక చిన్న తేడా ఉంది. మలయ దీవుల్లో ఎనిమిదేళ్లు తిరిగిన వాలెస్ బచాన్ దీవిలో బంగారురంగు మెరిసే పెద్ద సీతాకోకచిలుకను వలలోంచి తీసినప్పుడు గుండె దడదడలాడిందని, స్పృహ తప్పేలా అయిందని, ఆ రోజంతా తలనొప్పి వదలలేదని రాసుకున్నాడు. ఆయన వెంట అలీ అనే సరవాక్ కుర్రాడు ఉండేవాడు. వంటవాడిగా చేరి, పిట్టలు కొట్టడం, తోలు వొలిచి ఆరబెట్టడం నేర్చి, చివరికి వాలెస్‌కు కుడిభుజమయ్యాడు. 1862లో విడిపోయేటప్పుడు సింగపూర్‌లో అలీకి ఫొటో తీయించారు. ఆ ఫొటోను వాలెస్ 1905లో వేసిన తన జీవిత కథలో పెట్టాడు. సేకరించిన చేతుల వెనక ఉన్న ముఖం కనబడే అరుదైన ఫొటోల్లో అదొకటి.

మా వాళ్ల ముఖాలు కూడా ఫొటోల్లోకి ఎక్కాయి, వేరే దారిన. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు అచ్చు వేశారు. అందులో ఒక్కో ఫొటో కింద ఒక్కో తెగ పేరు ఉంటుంది. 1885 నుంచి మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ పగడాల మీద, ముత్యపు చిప్పల మీద రాశాడు. ఆ చేత్తోనే కొలబద్ద పట్టుకుని మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో ఆయన వేసిన ఏడు సంపుటాల 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లో మా తెగలు అక్షర క్రమంలో ఉంటాయి. అది చదివితే మాకు తెలియని పాత సంగతులు కూడా దొరుకుతాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో లెక్కకట్టిన అంకెలు చూసినప్పుడు సూది గుచ్చిన చోటే మాకు నొప్పి తెలుస్తుంది. పురుగుకూ మాకూ ఒకే కప్పు కింద ఒకే రకం చీటీలు పెట్టారు.

ఇక కెమెరా సంగతి. ఫొటో పుట్టిన తొలి ఏళ్లలోనే పురుగు దాని ముందుకు వచ్చింది. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఎండ వెలుగుతో పనిచేసే సూక్ష్మదర్శినిలో పురుగు రెక్కలు పెట్టి ఫొటో తీశాడు. రెక్కలు మాత్రమే తీయగలిగాడు. ప్రాణమున్న పురుగు అంతసేపు కదలకుండా ఉండదు కదా. గాజు పలకల మీద ఫొటోలు తీసినంత కాలం దగ్గరి ఫొటో అంటే ఎక్కువగా చచ్చిన పురుగు ఫొటోనే. బయట అడవిలో కెమెరా నిలబెట్టినవారు ముందు పిట్టగూళ్లనే ఎంచుకున్నారు, గూడు కదలదు గనక. ఇంగ్లండులో కీర్టన్ అన్నదమ్ములు 1895లో పిట్టగూళ్ల మీద వేసిన పుస్తకం అంతా అలా ఉన్నచోట తీసిన ఫొటోలతోనే వచ్చింది. మన దేశంలో ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి జంతువుల దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే దానంతటదే వెలుగు వెలిగి ఫొటో పడేలా చేశాడు. తుపాకీ బదులు కెమెరా పట్టమని 1927లో పుస్తకం రాశాడు. పులికి ఆ మర్యాద దక్కినా సీతాకోకచిలుకకు ఇంకా సూదే గతి.

ఆలస్యానికి కారణం కొంత అద్దంలో ఉంది. కెమెరా దగ్గరికి జరిగేకొద్దీ స్పష్టంగా పడే పొర పలచనవుతుంది. పురుగు తన అసలు కొలతలోనే ఫిల్ము మీద పడేటంత దగ్గరికి వెళితే ఆ పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. తూనీగ కన్ను తేటగా వస్తే తోక మసకబారుతుంది. పొర మందం పెంచాలంటే అద్దం కన్ను చిన్నది చేయాలి, చేస్తే వెలుగు చాలదు. వెలుగు కోసం ఎక్కువసేపు తెరిచి ఉంచితే గాలికి ఆకు ఊగుతుంది. ఈ మూడు ముళ్లు విప్పడానికి వందేళ్లు పట్టింది. 1935లో కొడాక్రోమ్ రంగుల ఫిల్ము వచ్చింది. 1955లో కిల్‌ఫిట్ కంపెనీ చిన్న కెమెరాలకు తొలి మాక్రో లెన్స్ తయారుచేసింది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ చేతికి అందింది. 1970ల్లో ఇంగ్లండులో స్టీఫెన్ డాల్టన్, ఎగిరే పురుగు కాంతిరేఖను దాటిన క్షణంలోనే సెకనులో పాతికవేలో వంతు మెరిసే ఫ్లాష్‌తో గాలిలోనే ఫొటో తీశాడు. రెక్క ఎటు మెలితిరుగుతుందో అప్పుడు కంటికి కనబడింది.

మన దేశంలో పుస్తకాలు మెల్లగా మారాయి. తూనీగల మీద ఫ్రేజర్ అనే పట్టాలం డాక్టరు 1933-36 మధ్య వేసిన మూడు సంపుటాలే చాలాకాలం ఆధారం. అందులో రెక్కల ఈనెలు, తోక చివరి కొక్కేల గీతబొమ్మలు ఉంటాయి. పురుగును చేతిలో పట్టుకుంటే తప్ప అవి పనికిరావు. సీతాకోకచిలుకల మీద 1957లో వింటర్-బ్లైత్ పుస్తకాన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వేసింది. 2000లో కృష్ణమేఘ్ కుంటే రాసిన దక్షిణ భారత సీతాకోకచిలుకల పుస్తకం మన హైదరాబాదు నుంచే, యూనివర్సిటీస్ ప్రెస్ వారిది, వచ్చింది. 2008లో ఐజాక్ కెహిమ్‌కర్ పుస్తకం, 2009లో కె.ఎ. సుబ్రమణియన్ తూనీగల పుస్తకం వచ్చాయి. అప్పటికి డిజిటల్ కెమెరాలు అందరి చేతుల్లో ఉన్నాయి. బతికి ఉన్న పురుగును, వాలినచోటే, వాలిన తీరులోనే చూపి ఇది ఫలానా అని చెప్పే రోజు వచ్చింది. సూది పక్కకు జరిగింది. 1972 వన్యప్రాణి చట్టం పట్టికలో చేరినవాటిని పట్టడం ఎటూ నేరమే.

కెమెరా చేసిన మేలు ఇదీ. తూనీగల్లో కొన్ని దగ్గరి చుట్టాలను ఎంత మంచి ఫొటోతోనూ విడదీయలేరు, ఫ్రేజర్ చెప్పినట్టు తోక కొక్కేలు చూడాల్సిందే. అది వేరే సంగతి. వానల ముందూ వెనకా మా పొలాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ గురించి కూడా చెప్పాలి. ఏటా అక్టోబరులో నేల మీద మంచినీటి చెరువులే లేని మాల్దీవులకు ఈ తూనీగలు లక్షలుగా ఎందుకు వస్తున్నాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఏళ్లపాటు లెక్క రాసుకున్నాడు. అవి భారతదేశం నుంచి సముద్రం మీదుగా ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో చెప్పాడు. తూనీగ కిందుగా ఎగిరితే వాన అని మా పెద్దలు అంటారు. వాన వెంటే అది సముద్రం దాటుతుందని మాత్రం మాకు తెలియదు. తెలిశాక మా పిల్లలు దాని తోకకు దారం కట్టడం మానేశారని చెప్పలేము గానీ, కొందరు ఆలోచిస్తున్నారు.

కెమెరాలోనూ కక్కుర్తి ఉంది. పురుగును మంచుపెట్టెలో పెట్టి, మొద్దుబారాక తెచ్చి పువ్వు మీద కూర్చోబెట్టి తీసేవాళ్లున్నారు. గొంగళిపురుగు ఉన్న కొమ్మను విరిచి వెలుగులోకి తెచ్చి, ఫొటో అయ్యాక అక్కడే పడేసి పోయేవాళ్లను మేము చూశాము. ఆ ఆకు వాడిపోతే పురుగుకు తిండేది? నిజానికి ఈ తిప్పలు పడనక్కరలేదు. లంబసింగి వైపు చలికాలం తెల్లవారుజామున తూనీగ గడ్డిపరకను పట్టుకుని మంచుబొట్లతో తడిసి ఉంటుంది. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేదు. ఏ గడ్డిలో పడుకుంటుందో పశువులు కాసే పిల్లాడికి తెలుసు. వాడిని అడిగితే చాలు.

అడుగుతారు కూడా. ఇక్కడే మా గొడవ. కొన్నేళ్ల కిందట ఒక నగరంలో జరిగిన ఫొటో ప్రదర్శనకు మాలో ముగ్గురం వెళ్లాము. తలుపంత పెద్ద ఫొటో ఒకటి గోడకు ఉంది. ఎర్రచుక్కల సీతాకోకచిలుక ఈశ్వరి తీగ లేతాకు అడుగున గుడ్డు పెడుతోంది. గుడ్డు మీది గీతలు కూడా కనబడుతున్నాయి. చాలా మంచి ఫొటో, అబద్ధం చెప్పము. కింద కెమెరా పేరు, లెన్స్ పేరు, అంకెలు, తీసినాయన పేరు ఉన్నాయి. చోటు దగ్గర 'తూర్పు కనుమలు' అని ఉంది. మాతో వచ్చిన తమ్ముడు దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు. "ఇది మా తీగే. ఆ పందిరి గుంజ మా నాన్న పాతింది" అన్నాడు. ఆ తీగను వాళ్ల నాయనమ్మ మందుకోసం పెరట్లో పెంచింది. మూడు రోజులు ఆ ఫొటో ఆయనను వెంటబెట్టుకుని తిరిగి, ఆడది గుడ్డుకు వచ్చే వేళ చెప్పి, గొడుగు పట్టి నిలబడింది వీడే. కూలి ఇచ్చారు, ఇవ్వలేదని కాదు. లెన్స్‌కు దక్కిన చోటు మనిషికి ఎందుకు దక్కలేదని మేము అక్కడున్నవాళ్లను అడిగాము. అంతకుముందు ఎవరూ అలా అడగలేదని చెప్పారు.

చట్టం మాటకొస్తే, వన్యప్రాణి చట్టం 28వ సెక్షను అభయారణ్యంలోకి అనుమతితో పోవడానికి కారణాలు చెబుతుంది. వాటిలో ఫొటోగ్రఫీ అన్న మాట స్పష్టంగా ఉంది. తరతరాలుగా అదే అడవిలో ఉన్నవాళ్ల హక్కు కాగితం మీదికి రావడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. అందులో ఏ జీవి ఉందో, దాని గురించి ఊరివాళ్లకు ఏం తెలుసో రాస్తారు. మేము ఈ మధ్య ఒక ఊళ్లో ఆ పనికి కూర్చున్నాము. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఫోన్లకు బిళ్లంత అద్దం తగిలించి తీసిన ఫొటోలు తెచ్చారు. సగం మసకగా ఉన్నాయి. మిగిలినవాటికి ఫోనులోనే శాస్త్రీయ నామం, ఇంగ్లీషు పేరు దొరికాయి. 'స్థానిక నామం' అన్న గడి దగ్గర అందరం ఆగిపోయాము. మన దేశంలో 1300కు పైగా సీతాకోకచిలుకలుంటే తెలుగులో అన్నిటికీ కలిపి వాడుకలో ఉన్నది ఒక్క మాటే.

ఆ తమ్ముడి నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఫోను ఆమె కళ్ల ముందు పెట్టి, దీన్ని ఏమంటారని అడిగాము. ఆమె ఫోనును దూరంగా జరిపి చూసింది. "ఈశ్వరి మీద గుడ్డెట్టేది. పొద్దెక్కాక వస్తాది, కరివేపాకు జోలికి పోదు, దాని తోటిది పోతాది" అంది. గడిలో అదంతా రాశాము. గడి చిన్నది కావడంతో రాత పక్క గడిలోకి పోయింది.